నల్లసముద్రపు అడుగున అణు గడియారములు

లెక్కలోనికి రాని చిన్న వస్తువును గూర్చి చెప్పునపుడు “సముద్రములో కాకిరెట్ట” అనుట మనకు అలవాటు. సముద్రము అంత పెద్దది, అందులో ఏమి పడినను కలిసిపోవును, కనబడకుండ పోవును అని ఆ సామెతకు భావము. ఎల్లలు లేని మహాసముద్రమును చూచినవారికి ఆ మాట సబబుగనే తోచును. కాని భూమిమీది సముద్రములన్నియు ఒకే తీరున లేవు. కొన్ని నలువైపుల నేలచే చుట్టబడి, ఒక ఇరుకైన జలసంధి ద్వారముననే బయటి జలరాశితో సంబంధము కలిగియున్నవి. అట్టి సముద్రములో పడినది ఎక్కడికి పోవును? ఎంతకాలముండును? మరల పైకి వచ్చునా? ఈ ప్రశ్నలకు సాక్ష్యము చెప్పినవి ఆ నీటిలోనే అత్యల్పముగా కలిసియున్న రేడియోధార్మిక మూలకములు.

మన పిల్లలు బడిలో పరమాణువును గూర్చి చదువుకొని ఇంటికి వచ్చి ప్రశ్నలు వేయుదురు. “సముద్రపు నీటిలో యురేనియము ఉన్నదట, నిజమేనా?” అని అడిగిన పిల్లవానిని కసరి పంపుట సమాధానము కాదు, అది విని మనము బెదరుటయు సమాధానము కాదు. తల్లిదండ్రులు తాము గ్రహించి పిల్లలకు చెప్పుటకు వీలుగా ఈ విషయమును ఇచ్చట వివరించుచున్నాను.

నీటిలో ఉన్నదేమి?

పిల్లవాడు విన్నది నిజమే. మహాసముద్రపు నీటిని వెయ్యి లీటర్లు తీసికొనినచో అందు సుమారు 3.3 మిల్లీగ్రాముల యురేనియము కరిగియుండును. ఇది మనుష్యుడు కలిపినది కాదు. కొండలు, రాళ్ళు అరిగి నదుల వెంట వచ్చి చేరినది. అంతకంటె హెచ్చుగా రేడియోధార్మికతను వెలువరించునది పొటాసియము-40. ఒక లీటరు సముద్రజలములో సెకనుకు సుమారు 12 పొటాసియము-40 పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును. సెకనుకు ఒక విచ్ఛిత్తి జరిగినచో దానిని ఒక బెకరెల్ అందురు. మనము తిను అరటిపండులోను, మన దేహములోను ఇదే పొటాసియము కలదు. కావున రేడియోధార్మికత అను పేరు వినగానే ఉలికిపడ నక్కరలేదు. ఏ మూలకము, ఎంత, ఎక్కడ, ఎంతకాలము అను నాలుగు ప్రశ్నలు వేసి తెలిసికొనుట వివేకము.

వీనిలో “ఎంతకాలము” అను ప్రశ్నకు జవాబు పరమాణువులోనే ఉన్నది. రేడియోధార్మిక పరమాణువు తనంతట తాను మార్పుచెందును. ఏ ఒక్క పరమాణువు ఎప్పుడు మారునో ఎవ్వరును చెప్పజాలరు. కాని కోట్లకొలది పరమాణువుల గుంపులో సగము మారుటకు పట్టు కాలము మాత్రము ఎల్లప్పుడు ఒక్కటియే. దీనిని అర్ధాయువు అందురు. అయొడిను-131 అర్ధాయువు 8 దినములు. సీసియము-137 అర్ధాయువు 30 సంవత్సరములు. ప్లుటోనియము-239 అర్ధాయువు సుమారు 24,000 సంవత్సరములు. పేరు ప్రక్కనున్న అంకె పరమాణువు బరువును తెలుపును. ఒకే మూలకమునకు వేరువేరు బరువుల రూపములు ఉండవచ్చును. సముద్రపు చలి గాని, ఉప్పు గాని, లోతులోని ఒత్తిడి గాని వీని నడకను మార్చలేవు. అందుచేతనే శాస్త్రజ్ఞులు వీనిని చెడిపోని గడియారములుగా వాడుకొనుచున్నారు.

మూతపడిన సముద్రము

ఈ గడియారములు ఎట్లు పనిచేయునో చూచుటకు నల్లసముద్రమును మించిన చోటు లేదు. ఐరోపా, ఆసియా ఖండముల నడుమ 4 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడి వ్యాపించిన ఈ సముద్రపు గరిష్ఠమైన లోతు 2,200 మీటర్లకు మించును. డాన్యూబు, నీపర్ మొదలగు గొప్ప నదులు దీనిలో మంచినీటిని తెచ్చి పోయుచున్నవి. మహాసముద్రము వైపునకు దారి ఒక్కటే. అది ఇస్తాంబుల్ నగరము నడుమగా పోవు బాస్ఫరస్ జలసంధి. దాని పొడవు సుమారు 30 కిలోమీటర్లు. మిక్కిలి ఇరుకైనచోట వెడల్పు 700 మీటర్లు మాత్రమే.

1679లో లుయిజీ ఫెర్డినాండో మార్సిలీ అను ఇటలీ దేశపు యువకుడు ఆ నగరమునకు వచ్చెను. జలసంధిలో పైనీరు నల్లసముద్రమునుండి బయటకు పోవుచుండగా అడుగున వేరొక ప్రవాహము లోనికి వచ్చుచున్నదని అచ్చటి జాలరులు చెప్పుకొనుట ఆయన వినెను. తెల్లరంగు పూసిన బెండుముక్కలను త్రాటికి కట్టి నీటిలోనికి దింపి చూచెను. పైనున్న ముక్కలు ఒక దిక్కునకును, లోతునకు దిగినవి ఎదురు దిక్కునకును కొట్టుకొనిపోయినవి. ఉప్పు హెచ్చుగానున్న మధ్యధరా జలము బరువైనది గనుక అడుగుగుండ లోనికి వచ్చుచున్నదనియు, తేలికయైన నల్లసముద్రపు జలము పైగుండ వెలుపలికి పోవుచున్నదనియు ఆయన 1681లో ప్రకటించెను. జాలరుల మాటను చెవినిబెట్టిన పండితునకు ఒక శాస్త్రసత్యము లభించినది.

దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. గాజుగ్లాసులో సగమువరకు చిక్కని ఉప్పునీరు పోయుడు. రంగు కలిపిన మంచినీటిని చెంచా వీపుమీదుగా మెల్లగా దానిపై జారవిడువుడు. రెండు నీళ్ళును కలియక పొరలుగా నిలుచును. నల్లసముద్రములో జరుగుచున్నది ఇదే. పైనీటిలో వెయ్యి పాళ్ళకు సుమారు 18 పాళ్ళు ఉప్పు ఉండగా, లోతునీటిలో సుమారు 22 పాళ్ళున్నది. గాలి వీచినను, చలి కాచినను పైపొర మాత్రమే కదలును గాని అడుగునీరు పైకి రాదు. గాలి తగులని ఆ నీటిలో పైనుండి రాలిన జీవపదార్థము కుళ్ళి ఉన్న ఆమ్లజనినంతయు హరించివైచినది. 100 మొదలు 200 మీటర్ల లోతునకు దిగువ ఆమ్లజని లేదు. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు వాయువు నీటిలో కరిగియున్నది. మొత్తము నీటిలో పదింట తొమ్మిది పాళ్ళు ఇట్టిదే. చేపలు లేవు, కొయ్యను తొలుచు పురుగులు లేవు. అందువలననే బల్గేరియా తీరమునకు దూరముగా, 2 కిలోమీటర్లకు పైబడిన లోతున, సుమారు 2,400 సంవత్సరముల నాటి కొయ్యనావ చెక్కుచెదరక నిలిచియున్నదని 2018లో వెల్లడియైనది. దాని వయస్సును నిర్ణయించినది కూడ కార్బన్-14 అను రేడియోధార్మిక మూలకమే.

ఒక ప్రమాదకరమైన ఆలోచన

ఇట్టి నిర్జీవమైన నీటిని చూచినవారికి, దీనిలో ఏమి పారవేసినను నష్టము లేదను తలంపు పుట్టుట సహజము. 1950 దశకమున అణుపరిశ్రమ పెరుగుచుండగా దాని వ్యర్థములను ఎక్కడ దాచవలెనను సమస్య ఏర్పడెను. నల్లసముద్రపు అడుగునీరు కదలదు గదా, అచ్చట వేయరాదా అను ప్రశ్న బయలుదేరెను. సెవాస్తపోల్ నగరమునందలి జీవశాస్త్రకేంద్రమున పనిచేసిన వొద్యనీట్స్కీ పండితుడు 1958లో దీనిని ఖండించుచు వ్రాసెను. అడుగునీరు నిశ్చలము కాదు, నెమ్మదిగనైనను పైనీటితో మారుచునే యుండును, ఈనాడు అడుగున వేసినది పైకి వచ్చితీరునని ఆయన వాదము.

ఎవరి మాట నిజము? వేల మీటర్ల లోతున నీటి కదలికను కంటితో చూడలేము. కాని ఆ నీటిలోని రేడియోధార్మిక మూలకములను కొలువగలము.

గాలిలో పుట్టు కార్బన్-14 పైనీటిలో కలియుచుండును. నీరు లోతునకు దిగి గాలితో సంబంధము తెగినపిదప క్రొత్త కార్బన్-14 చేరదు. ఉన్నది 5,730 సంవత్సరముల అర్ధాయువుతో తరుగుచుండును. ఆ తరుగుదలనుబట్టియు, ఉప్పు లెక్కలనుబట్టియు చూడగా, నల్లసముద్రపు లోతునీరు మారుటకు పట్టు కాలము కొన్ని వందల సంవత్సరములని తేలినది. అనగా ఆ నీరు నిలిచిపోయినదియు కాదు, త్వరగా కదలునదియు కాదు. వొద్యనీట్స్కీ ఊహించినంత వేగము లేకపోయినను, అడుగున పడినది ఎన్నటికిని రాదనుట మాత్రము తప్పని రుజువైనది.

అంటుకొనునవి, అంటుకొననివి

ఇంతటితో కథ ముగియలేదు. నీటిలోని మూలకములన్నియు నీటితోడనే ప్రయాణము చేయవు. పూర్వము మన ఇండ్లలో ఏటి నీరు బురదగా వచ్చినపుడు ఇండుపగింజను అరగదీసి కలిపెడివారు. బురద అంతయు గుంపుగూడి అడుగునకు దిగి నీరు తేరుకొనెడిది. సముద్రములో థోరియము గతి అట్టిదే. నీటిలో కరిగియున్న యురేనియము విచ్ఛిన్నమగుచు థోరియమును పుట్టించుచుండును. యురేనియము నీటిని విడువదు. థోరియము నీటిలో నిలువదు. అది పుట్టినవెంటనే దొరికిన ధూళికణమును, చచ్చిన సూక్ష్మజీవిని పట్టుకొని అడుగునకు దిగిపోవును. థోరియము-234 అర్ధాయువు 24 దినములు, థోరియము-230 అర్ధాయువు సుమారు 75,000 సంవత్సరములు. ఎంత పుట్టవలెనో లెక్కకు తెలియును. నీటిలో ఎంత మిగిలియున్నదో కొలిచి చూచినచో, సముద్రములో రాలుచున్న ధూళి ఎంత వేగముగా దిగుచున్నదో బయటపడును.

యురేనియము కూడ నల్లసముద్రములో తన స్వభావమును కొంత మార్చుకొనును. ఆమ్లజని గల నీటిలో అది కరిగి లక్షల యేండ్లు నిలువగలదు. ఆమ్లజని లేని అడుగుమట్టిని చేరినపుడు అది కరుగని రూపము దాల్చి మట్టిలో చిక్కుకొనును. ఇందుచే నల్లసముద్రపు లోతునీటిలో యురేనియము, ఆ నీటి ఉప్పునుబట్టి ఉండవలసినదానికంటె తక్కువగా ఉన్నది. ఆ తక్కువ యగుట ఒక్క నాటి పని కాదు. నీరు అంత దీర్ఘకాలము అడుగుమట్టితో కలిసి మెలగినదనుటకు అది మరియొక నిదర్శనము.

1986 నాటి పరీక్ష

ఎవ్వరును కోరని ఒక పరీక్ష 1986లో జరిగెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 26న, నాటి సోవియట్ యూనియనులోని ఉక్రెయినులో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రము పేలిపోయెను. గాలిలోనికి లేచిన రేడియోధార్మిక ధూళి మే నెల ఆరంభమున నల్లసముద్రముపై కూడ రాలెను. అప్పటికే ఆ సముద్రములో, అణ్వస్త్ర పరీక్షలవలన రాలిన సీసియము-137 కొంత కలదు. పాతదానిని, క్రొత్తదానిని వేరుపరచుట ఎట్లు? ఇందుకు సీసియము-134 తోడ్పడినది. దాని అర్ధాయువు 2 సంవత్సరములు మాత్రమే. అణ్వస్త్రముల ధూళిలో అది లేదనియే చెప్పవచ్చును. చెర్నోబిల్ ధూళిలో మాత్రము సీసియము-137కు సుమారు సగముగా ఉండెను. కావున సీసియము-134 కనబడిన నీరు 1986 పిదప పైపొరనుండి వచ్చిన నీరే.

ఆ సంవత్సరము జూను మొదలు సెప్టెంబరు వరకు నల్లసముద్రపు దక్షిణభాగమున 1,071 మీటర్ల లోతున రాలుచున్న ధూళిని పట్టుటకు ఒక పాత్ర వ్రేలాడుచుండెను. అందులో పడిన ధూళిలో చెర్నోబిల్ మూలకములు అప్పుడే కనబడెను. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన కెన్ బ్యుసెలర్ ప్రభృతులు దీనిని 1987లో ప్రకటించిరి. ధూళికి అంటుకొను స్వభావము సీరియము-144కు హెచ్చు, రుథేనియము-106కు అంతకంటె తక్కువ, సీసియమునకు అన్నిటికంటె తక్కువ అని వారు కనుగొనిరి.

దీనినిబట్టి రెండు దారులు స్పష్టమగుచున్నవి. ధూళిని అంటుకొనినది కొన్ని వారములలో, నెలలలో వేయి మీటర్లు దిగును. నీటిలో కరిగియున్నది పైపొరలోనే చిరకాలము తిరుగాడుచుండును. సీసియము ఈ రెండవ తెగకు చెందినది. పైపొర పలుచనిది, చేపలు బ్రదుకునది ఆ పొరలోనే. దిగువ 2,000 మీటర్ల నీరున్నను, ఆ నీటితో కలిసి పలుచబడుటకు సీసియమునకు దారి ఇరుకు. బాస్ఫరసు వద్ద లోనికి వచ్చు ఉప్పునీరు పైనీటిని కొంత కలుపుకొని దిగుచోట మాత్రము అది లోతైన పొరలకు ప్రవేశించిన జాడ దొరకెను. మూతపడిన సముద్రపు అసలు ఇబ్బంది ఇదే. చూచుటకు కొండంత నీరున్నను, విషమును పంచుకొనునది పైనున్న పలుచని పొర మాత్రమే.

రెండు గడియారములు

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. ఒక గడియారము పరమాణువుది, మరియొకటి సముద్రముది. ఈ రెంటిలో ఏది ముందు ఆగునో దానినిబట్టి మేలు కీడు నిర్ణయమగును.

సీసియము-137ను చూడుడు. 1986లో పడినదానిలో 2016 నాటికి సగము మిగిలినది. 2046 నాటికి నాల్గవవంతు మిగులును. 300 సంవత్సరములు గడచునప్పటికి పది అర్ధాయువులు పూర్తియై వేయింట ఒక పాలుకంటె తక్కువ యగును. కావున అడుగుపొరలో నిజముగా బంధింపబడిన సీసియము పైకి వచ్చునాటికి దాదాపు నిర్వీర్యమగును. కాని ప్లుటోనియము-239 సంగతి వేరు. సముద్రము ఎన్నో మారులు తన నీటిని త్రిప్పుకొనినను అది సగమైనను తరుగదు. దానికి సముద్రపు లోతు కారాగారము కాదు, దారిలోని సత్రము. నిదానముగా వచ్చునది రాదని నమ్ముట మనకు మేలనిపించవచ్చును గాని, ఆ బాకీని తీర్చవలసినవారు మన మనుమల మనుమలు.

మరికొన్ని సముద్రములు

బాల్టిక్ సముద్రము కూడ ఇట్టిదే, కాని లోతు తక్కువ. సగటున సుమారు 55 మీటర్లు. మిక్కిలి లోతైనచోట 459 మీటర్లు. డెన్మార్కు వద్దనున్న జలసంధులద్వారా దాని నీరంతయు మారుటకు సుమారు 30 సంవత్సరములు పట్టును. చెర్నోబిల్ ధూళి వానతో కలిసి దానిపై విస్తారముగా రాలినందున సీసియము-137 హెచ్చుగా గల సముద్రమని దానికి పేరు వచ్చినది. తీరదేశములు 1974 నాటి హెల్సింకి ఒడంబడికను అనుసరించి నీటిని, చేపలను పరీక్షించుచు వచ్చినవి. ఏటేట కొలతలు తగ్గుచు వచ్చినవి. కొలత ఉన్నందుననే జాలరులకు, చేపలు కొనువారికి ధైర్యము చెప్పుటకు వీలుకలిగినది.

మధ్యధరా సముద్రము మహాసముద్రముతో జిబ్రాల్టరు వద్ద మాత్రమే కలియును. అయినను నల్లసముద్రమువలె అడుగున ఊపిరాడనిది కాదు. చలికాలమున ఉత్తరపు గాలులకు చల్లబడిన ఉప్పునీరు కొన్నిచోట్ల అడుగువరకు దిగి ఆమ్లజనిని అందించుచుండును. అట్లు క్రొత్తగా దిగిన నీటిలో థోరియము-230 తక్కువగా ఉండును గనుక దాని జాడను గుర్తింపవచ్చును. 2013లో పెలాజియా అను డచ్చి నౌక మధ్యధరా, నల్లసముద్రములలో రెంటిలోను తిరిగి ఇట్టి సూక్ష్మమూలకములను కొలుచుటకై నీటిని సేకరించినది. సముద్రపు రేడియోధార్మికతను పరిశోధించుటకై అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మొనాకోలో ప్రయోగశాలను నెలకొల్పినది 1961లోనే. 1993లో లండను ఒడంబడిక దేశములు రేడియోధార్మిక వ్యర్థములను సముద్రములో పారవేయుటను పూర్తిగా నిషేధింప నిశ్చయించినవి. వొద్యనీట్స్కీ హెచ్చరికకును దీనికిని నడుమ 35 సంవత్సరములు గడచినవి.

మన తీరము మాట

మన బంగాళాఖాతము దక్షిణమున మహాసముద్రమునకు తెరచియున్నది గనుక నల్లసముద్రపు లెక్క దీనికి చెల్లదు. కాని థోరియము మాత్రము మనకు పరాయిది కాదు. ఒడిశాలోని ఛత్రపురము, ఆంధ్రదేశములోని భీమునిపట్నము, తమిళనాటి మణవాళకురిచ్చి తీరముల ఇసుకలో మోనజైటు అను ఖనిజమున్నది. అందులోనిది ఈ థోరియమే. పిల్లలు పుస్తకములో చదువు మూలకము తాము నడచు ఇసుకలోనే ఉన్నదని చెప్పినచో పాఠము వారి మనస్సున నిలుచును.

పిల్లవాని ప్రశ్నకు ఇప్పుడు ఇట్లు జవాబు చెప్పవచ్చును. సముద్రపు నీటిలో యురేనియమున్నది, అది మనకంటె ముందునుండి ఉన్నది, దానికి బెదరవద్దు. కాని మనము క్రొత్తగా చేర్చినదానికి లెక్క చెప్పవలసినవారము మనమే. సముద్రములో కాకిరెట్ట అను మాట తెరచియున్న సముద్రమును చూచి పుట్టినది. మూతపడిన సముద్రములో పడినది కనబడకుండ పోవచ్చును గాని లేకుండ పోదు. ఎంత పడినది, ఎప్పుడు పడినది, ఎప్పటికి తిరిగి వచ్చునో అణువులే వ్రాసిపెట్టుచున్నవి. ఆ లెక్కను చదువుట మన బిడ్డలకు నేర్పుదము.